ఫ్యాన్ హోరెత్తుతోందంటే లోపల గాలి ఆడట్లేదని

ప్రశ్న: మాది నరసాపురం దగ్గర పల్లెటూరండి. ఊళ్ళో ఆడవాళ్ళతో లేసు అల్లికల పని చేయిస్తుంటాను. మా అబ్బాయి బీటెక్‌లో చేరినప్పుడు, 2017లో కొన్న ల్యాప్‌టాప్ ఇప్పుడు నేను వాడుతున్నాను. ఆర్డర్ల లెక్కలు ఎక్సెల్‌లో రాసుకుంటాను, డిజైన్ల ఫొటోలు పంపుతాను, బయట ఊళ్ళ వ్యాపారులతో వీడియో కాల్‌లో మాట్లాడతాను. ఈ మధ్య ఆన్ చేసిన కాసేపటికే ఫ్యాన్ హోరు మొదలవుతోంది. నా మాట సరిగా వినపడట్లేదని కాల్‌లో అవతలివాళ్ళు అంటున్నారు. ఎడమ పక్క చెయ్యి పెడితే చురుక్కుమంటోంది. ఎండల్లో రెండుసార్లు దానంతటదే ఆగిపోయింది కూడా. షాపులో చూపిస్తే పాతదైపోయింది, కొత్తది తీసుకోండి అన్నారు. మా చెల్లెలేమో కూలింగ్ ప్యాడ్ కొనమంటోంది. ఏది చెయ్యమంటారు? వెనక మూత విప్పి నేనే తుడుచుకుంటే ఏమన్నా అవుతుందా?

— ఒక పాఠకురాలు, నరసాపురం మండలం

సమాధానం: అమ్మా, కొత్తది కొనకండి. కూలింగ్ ప్యాడ్ కూడా ఇప్పుడే వద్దు. మూత విప్పి దుమ్ము తీసుకోవడం మీరు చేసుకోగలిగిన పనే. ఎక్కడ దాకా మీరు చెయ్యాలి, ఎక్కడ ఆగి షాపుకి ఇవ్వాలి అన్నది మాత్రం ముందే తెలుసుకుని కూర్చోవాలి. ఎక్సెల్ లెక్కలకీ, ఫొటోలకీ, వీడియో కాల్‌కీ 2017 నాటి మెషీన్ ఇప్పటికీ సరిపోతుంది. లోపలికి చూడకుండానే పాతదైపోయిందని చెప్పి పంపించేయడం నాకు బాధగా ఉంటుంది. మీలాంటి వాళ్ళకి కొత్త ల్యాప్‌టాప్ అంటే ఎన్ని నెలల అల్లకమో చెప్పేవాళ్ళు ఆలోచించరు.

ముందు లోపల ఏం జరుగుతోందో చెప్తాను. అది తెలిస్తే మిగతా పనులన్నీ ఎందుకు చేస్తున్నారో మీకే అర్థమవుతుంది.

వేడి ఎక్కువగా పుట్టేది ప్రాసెసర్‌లో. బొటనవేలి గోరంత చిప్పు అది. దాని మీద ఒక రాగి పలక కూర్చుని ఉంటుంది. ఆ పలక నుంచి చదునుగా నొక్కిన రాగి గొట్టం ఒకటి బయలుదేరి, అంచున ఉన్న సన్నటి రేకుల గుత్తి దాకా వెళ్తుంది. గొట్టం లోపల కొద్దిగా ద్రవం ఉంటుంది. చిప్పు దగ్గర అది వేడికి ఆవిరవుతుంది, రేకుల దగ్గర చల్లబడి మళ్ళీ ద్రవమై వెనక్కి వస్తుంది. ఇలా తిరుగుతూ వేడిని మోసుకొస్తుంది. ఫ్యాన్ చేసే పని ఒక్కటే. అడుగున ఉన్న సందుల్లోంచి గాలి పీల్చి, ఆ రేకుల మధ్య నుంచి బయటికి తోస్తుంది. మీకు ఎడమ పక్క చురుక్కుమంటోందంటే మీ మోడల్‌లో ఆ రేకులు అటువైపు ఉన్నాయన్నమాట.

రేకుకీ రేకుకీ మధ్య సందు మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది. ఫ్యాన్ పీల్చిన గాలితో పాటు వచ్చిన దుమ్ము ముందు అక్కడే ఆగుతుంది. మీ ఇంట్లో మామూలు దుమ్ముతో పాటు నూలు కూడా ఉంది. లేసు దారం చుట్టేటప్పుడు, విప్పేటప్పుడు, కత్తిరించేటప్పుడు సన్నటి నూగు రాలుతుంది. అది కంటికి పెద్దగా కనిపించదు. ఆ పోగులు రేకుల మూతి దగ్గర అడ్డంగా పడి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. వాటి మీద దుమ్ము పేరుకుంటుంది. మన ప్రాంతపు గాలిలో ఉన్న తేమకి అదంతా తడిసి, ఆరి, గట్టిబడుతుంది. కొన్నేళ్ళకి ఫ్యాన్‌కీ రేకులకీ మధ్య ఒక బూడిదరంగు పొర తయారవుతుంది. గోటితో పట్టుకుంటే ముక్కలుగా కాదు, గుడ్డలా మొత్తం ఒక్కటిగా లేచి వస్తుంది. కాలువ నిండా నీళ్ళున్నా తూముకి గుర్రపుడెక్క అడ్డం పడితే చేలోకి నీరెక్కదు కదా, ఇదీ అలాంటిదే. ఫ్యాన్ ఎంత తిరిగినా గాలి బయటికి పోదు.

ఫ్యాన్ ఎంత వేగంగా తిరగాలో చిప్పు వేడిని బట్టి మెషీనే నిర్ణయిస్తుంది. వేడి దిగకపోతే వేగం పెంచుతుంది. మీరు వింటున్న హోరు అదే. అప్పటికీ దిగకపోతే, చాలా ఇంటెల్ చిప్పుల్లో 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరకి వచ్చేసరికి ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. అప్పుడు ఎక్సెల్‌లో ఒక గడి నుంచి ఇంకో గడికి వెళ్ళడానికి కూడా ఆలస్యమవుతుంది. అదీ చాలకపోతే కాలిపోకుండా మొత్తం ఆపేసుకుంటుంది. ఎండల్లో రెండుసార్లు ఆగిపోయిందన్నారు, ఎక్కువ అనుమానం దీని మీదే. కాకపోతే ఒకటి చూసుకోండి. ఫ్యాన్ హోరెత్తి, అడుగు బాగా కాలాక ఆగితే అది వేడి వల్లే. కరెంటు పోయిన క్షణంలో ఆగితే బ్యాటరీ చచ్చిపోయిందని అర్థం, దానికి శుభ్రంతో పని లేదు.

ఎండాకాలంలోనే ఎందుకు ముదిరిందంటే, ఫ్యాన్ గాలిని చల్లబరచలేదు, ఉన్న గాలిని తోస్తుంది అంతే. గదిలో 38 డిగ్రీలుంటే లోపలికి వెళ్ళేదీ ఆ 38 డిగ్రీల గాలే. గదిలో పది డిగ్రీలు పెరిగితే చిప్పు దగ్గర కూడా సుమారుగా అంతే పెరుగుతుంది. సంక్రాంతి రోజుల్లో ఏదోలా నెట్టుకొచ్చిన మెషీన్ మే నెలలో చేతులెత్తేయడానికి కారణం అది.

ఇక పనిలోకి. మొదట చెవి పెట్టి వినండి. గాలి హోరు ఒక్కటే ఉంటే దుమ్ము. గరగరమనో, కీచుమనో రాపిడి శబ్దం ఉంటే ఫ్యాన్ బేరింగ్ అరిగింది. టక్, టక్ అని ఆగి ఆగి కొడుతుంటే అది ఫ్యాన్ కాదు, హార్డ్ డిస్క్. మూడో శబ్దం వినపడితే మిగతా పనులన్నీ పక్కన పెట్టి ముందు మీ ఆర్డర్ల ఫైళ్ళు, డిజైన్ ఫొటోలు పెన్‌డ్రైవ్‌లోకో గూగుల్ డ్రైవ్‌లోకో ఎక్కించండి. అలా కొట్టే డిస్క్ ఎప్పుడు ఆగిపోతుందో చెప్పలేం. శబ్దం లేకపోయినా సరే, మూత విప్పే ముందు కాపీ తీసి ఉంచడం మంచిది. మీ జీవనాధారం ఆ లెక్కల్లోనే ఉంది.

రెండోది బ్యాటరీ. ల్యాప్‌టాప్‌ని చదునైన బల్ల మీద పెట్టి చూడండి. ఊగుతోందా? టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బిందా? మూత అంచులు సరిగా కలవట్లేదా? ఇందులో ఏ ఒక్కటున్నా బ్యాటరీ ఉబ్బిందని అనుమానించాలి. అప్పుడు ఛార్జింగ్ తీసేసి, ఆఫ్ చేసి, నేరుగా షాపుకి తీసుకెళ్ళండి. ఉబ్బిన లిథియం బ్యాటరీని నొక్కకూడదు, గుచ్చకూడదు, ఇంట్లో విప్పకూడదు. చిన్న రంధ్రం పడినా నిప్పంటుకోవచ్చు. ఈ మాట భయపెట్టడానికి రాయట్లేదు, ఎనిమిదేళ్ళు దాటిన బ్యాటరీ వేడిలో పనిచేస్తోందంటే చూసి తీరాలి.

మూడోది, ఇప్పుడు ఎంత వేడి ఉందో రాసుకోండి. కోర్ టెంప్ అనో, హెచ్‌డబ్ల్యూ మానిటర్ అనో ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రాములున్నాయి. తయారుచేసినవాళ్ళ సొంత సైటు నుంచే దించుకోండి. ఏ పనీ చెయ్యకుండా పది నిమిషాలు వదిలేసి ఒకసారి, ఏదైనా వీడియో ఇరవై నిమిషాలు నడిపి ఒకసారి అంకెలు చూసి కాగితం మీద రాయండి. ఖాళీగా ఉన్నప్పుడు 45, 55 మధ్య, పని చేస్తున్నప్పుడు 85 లోపు ఉంటే ఈ వయసు మెషీన్‌కి ఫర్వాలేదు. ఖాళీగా ఉన్నప్పుడే 70 దాటుతుంటే, పనిలో 95 పైకి వెళ్తుంటే గాలి దారి మూసుకుపోయిందనే. శుభ్రం చేశాక ఇదే గదిలో, ఇదే వీడియోతో మళ్ళీ చూడాలి. అంకె లేకపోతే తగ్గిందో లేదో మన మనసుకి తోచినట్టే ఉంటుంది. షాపులో చేయించినా ఇదే కొలత పనికొస్తుంది.

ఇప్పుడు మూత సంగతి. అడుగున స్టిక్కర్ మీద మోడల్ నంబర్ ఉంటుంది. దాన్ని యూట్యూబ్‌లో కొట్టి విప్పే వీడియో ఒకటి మొదటి నుంచి చివరిదాకా చూడండి. హెచ్‌పీ, డెల్, లెనోవో వంటి కంపెనీలు విప్పే పద్ధతి బొమ్మలతో సహా సర్వీస్ మాన్యువల్‌గా తమ సైట్లలో ఉచితంగానే పెడతాయి. అందులో రెండు విషయాలు చూడాలి. అడుగు మూత మొత్తం ఒకే పలకగా వస్తుందా, లేక ముందు కీబోర్డు విప్పాలా? ఫ్యాన్ విడిగా వస్తుందా, లేక రాగి గొట్టంతో కలిసి వస్తుందా? మూత ఒకే పలకై, ఫ్యాన్ విడిగా వచ్చేదైతే మీరు చెయ్యండి. కీబోర్డు విప్పాల్సి వచ్చినా, రాగి గొట్టం కదపాల్సి వచ్చినా షాపుకే ఇవ్వండి. అక్కడ నాజూకైన రిబ్బన్ తీగలుంటాయి, తెగితే అతకవు.

మీరు చెయ్యగలిగే మోడలే అనుకుందాం. కావాల్సినవి తక్కువే. స్టార్ గుర్తున్న చిన్న స్క్రూడ్రైవర్, మెత్తటి కొత్త పెయింట్ బ్రష్, చిన్న పట్టకారు, కెమెరా లెన్సులు ఊదుకునే రబ్బరు బుడగ. పగటి వెలుతురులో, సీలింగ్ ఫ్యాన్ ఆపేసి, బల్ల మీద తెల్ల గుడ్డ పరుచుకుని కూర్చోండి. ల్యాప్‌టాప్ పూర్తిగా షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసి, అడుగున బయటికి వచ్చే బ్యాటరీ అయితే దాన్నీ తీసేయండి. చల్లారేదాకా ఆగండి. మొదలుపెట్టే ముందు ఇంట్లో ఇనుప కుళాయినో, కిటికీ ఊచనో ఒకసారి ముట్టుకోండి, ఒంట్లో స్టాటిక్ కరెంటు ఉంటే పోతుంది.

స్క్రూలు అన్నీ ఒకే పొడవు ఉండవు. పొట్టిది ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే మదర్‌బోర్డుకి, అంటే లోపలి అసలు సర్క్యూట్ పలకకి గుచ్చుకుంటుంది. ఒక కాగితం మీద ల్యాప్‌టాప్ అడుగు బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే టేపుతో అంటించుకోండి. రబ్బరు కాళ్ళ కింద, డీవీడీ డ్రైవ్ పక్కన దాగిన స్క్రూలు కూడా ఉంటాయి. మూత రావట్లేదంటే బలం వెయ్యకండి, ఎక్కడో ఒక స్క్రూ మిగిలిందన్నమాట. సముద్రం దగ్గరి ఊళ్ళలో ఉప్పుగాలికి స్క్రూలు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. అలాంటి వాటిని సరైన సైజు డ్రైవర్‌తో నిటారుగా నొక్కి పట్టి మెల్లగా తిప్పాలి. ఒకసారి గాడి అరిగిపోతే ఇక తిరగదు. స్క్రూలన్నీ వచ్చాక పాత ఏటీఎం కార్డు లాంటిది అంచున దూర్చి చుట్టూ జరుపుకుంటూ వస్తే క్లిప్పులు ఒక్కొక్కటే ఊడతాయి. డీవీడీ డ్రైవ్ ఉన్న మోడళ్ళలో చాలావాటికి దాన్ని ముందు పక్కకి లాగేయాలి.

మూత తీయగానే ఫోన్‌తో ఫొటో తీసుకోండి. లోపలే బిగించిన బ్యాటరీ అయితే దాని ప్లగ్గు ఊడదీయాలి. తీగలు పట్టి లాగకుండా ప్లగ్గు తల రెండు పక్కలా గోళ్ళతో పట్టుకుని మెల్లగా కదిపితే వస్తుంది. ఆ తర్వాత ఫ్యాన్ స్క్రూలు రెండో మూడో ఉంటాయి, వాటిని తీసి, ఫ్యాన్ ప్లగ్గు కూడా అలాగే ఊడదీసి ఫ్యాన్‌ని పైకెత్తండి. నేను చెప్పిన బూడిదరంగు పొర అప్పుడు కనిపిస్తుంది. మూత తీసి పైపైన ఊది మూసేసేవాళ్ళు దాన్ని చూడనే చూడరు. బయటి సందుల్లోంచి గాలి కొట్టినా అది విరిగి మళ్ళీ ఫ్యాన్ మీదే పడుతుంది, నాలుగు రోజులకి మళ్ళీ మొదటికొస్తుంది. మొత్తం పనికి ప్రాణం ఈ పొర తీయడమే.

పొర అంచుని పట్టకారుతో పట్టి మెల్లగా లేపండి. మిగిలిన నూగుని బ్రష్‌తో రేకుల నిలువునా దులపండి, అడ్డంగా రుద్దకండి. మీ చేతిలో ఎప్పుడూ లేసు సూది ఉంటుంది కాబట్టి దాని కొక్కెంతో లాగేద్దామనిపిస్తుంది. వద్దు. ఆ రేకులు చాలా పలచనివి, ఇనుము తగిలితే వంగిపోతాయి. వంగిన రేకు గాలికి మరో అడ్డం. పళ్ళు కుట్టుకునే చెక్కపుల్ల వాడండి.

ఫ్యాన్ రెక్కల్ని ఒక్కొక్కటిగా పొడి బ్రష్‌తో తుడవండి. జిడ్డు అంటుకుని రాకపోతే మందుల షాపులోనో, ఎలక్ట్రానిక్స్ సామాన్ల షాపులోనో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఇయర్‌బడ్ మీద కొద్దిగా తడిపి తుడవండి. చేతులు రుద్దుకునే శానిటైజర్ వద్దు, అందులో నీళ్ళు, గ్లిజరిన్ ఉంటాయి. ఊదేటప్పుడు ఫ్యాన్‌ని వేలితో కదలకుండా పట్టుకోండి. గాలికి గిర్రున తిరిగితే బేరింగ్ పాడవుతుంది, ప్లగ్గు తీయకపోతే కరెంటు వెనక్కి పుట్టి బోర్డుకీ ప్రమాదమే. సైకిల్ షాపులోనో, పంక్చర్ల షాపులోనో కంప్రెసర్‌తో కొట్టించుకొచ్చేవాళ్ళున్నారు. ఆ గాలిలో నీటి తుంపర, ఆయిల్ ఉంటాయి, ఒత్తిడి కూడా మరీ ఎక్కువ. దయచేసి ఆ పని చెయ్యకండి. ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనర్ కూడా లోపల పెట్టకూడదు, స్టాటిక్ పుడుతుంది.

మళ్ళీ బిగించేటప్పుడు ఫొటో చూసుకుంటూ వెనక నుంచి ముందుకి రండి. ప్లగ్గులు రెండూ పెట్టారో లేదో మూత వేసే ముందు చూడండి. ఫ్యాన్ ప్లగ్గు మర్చిపోతే మెషీన్ కాసేపట్లో కాగిపోతుంది.

దీంతో పది, పదిహేను డిగ్రీలు దిగితే మీ సమస్య సగం పైగా తీరినట్టే. దిగకపోతే తర్వాత అనుమానం థర్మల్ పేస్ట్ మీద. చిప్పుకీ రాగి పలకకీ మధ్య కంటికి కనిపించని గుంతలుంటాయి. వాటిలో గాలి నిలవకుండా ఆ పేస్ట్ పూస్తారు. ఇన్నేళ్ళలో అది ఎండి, పగిలి, పొడిగా అయ్యుంటుంది. దీన్ని మాత్రం మొదటిసారి మీరు చెయ్యొద్దంటాను. ల్యాప్‌టాప్‌లో చిప్పు పైన రక్షణ మూత ఏమీ ఉండదు, పలక ఒక పక్కకి ఒరిగి బిగిస్తే అంచు పెచ్చు లేస్తుంది. స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని అంకెలుంటాయి, బిగించేటప్పుడు ఆ వరసలోనే బిగించాలి, విప్పేటప్పుడు తిరగేసిన వరసలో. పక్కన చిన్న చిప్పుల మీద మెత్తటి ప్యాడ్‌లుంటాయి. చిరిగితే అదే మందం ప్యాడ్ వెయ్యాలి, వాటి చోట పేస్ట్ పూస్తే సందు నిండదు.

అందుకని నరసాపురంలోనో, పాలకొల్లు, భీమవరంలోనో మంచి పేరున్న షాపు చూసుకుని వెళ్ళండి. "సర్వీస్ చెయ్యండి" అని మాత్రం అనకండి. ఆ మాటకి ఒక్కొక్కరు ఒక్కో అర్థం చెప్పుకుంటారు. "ఫ్యాన్ విప్పి రేకుల మధ్య దుమ్ము తీయాలి, పాత పేస్ట్ తుడిచి కొత్తది వెయ్యాలి, నా ఎదురుగా చెయ్యాలి, ఎంతవుతుంది?" అని అడగండి. చెయ్యి తిరిగినవాళ్ళకి గంటలోపు పని. ఎదురుగా చెయ్యనంటే ఇంకో షాపుకి వెళ్ళండి. విండోస్ మళ్ళీ ఎక్కిస్తే చల్లబడుతుందని ఎవరైనా అంటే ముందు దుమ్ము తీయించమనండి. విండోస్ ఎక్కించినంత మాత్రాన రేకుల సందు తెరుచుకోదు. పాస్‌వర్డ్ రాసివ్వాల్సిన అవసరం కూడా ఈ పనికి లేదు.

ఫ్యాన్ గరగరమంటుంటే కొత్త ఫ్యాన్ వేయించండి. ఫ్యాన్ మీదే పార్ట్ నంబర్ ఉంటుంది, దాన్ని బట్టి తెప్పిస్తారు. ఇంట్లో కుట్టుమిషన్ నూనె ఉంది కదా, ఒక చుక్క వేద్దామనుకోకండి. కొద్దిరోజులు చప్పుడు తగ్గినట్టే ఉంటుంది, తర్వాత ఆ నూనెకి మీ ఇంటి నూలుపోగులు అంటుకుని ఇంకా బిగుస్తుంది.

హార్డ్ డిస్క్ ఉన్న మెషీన్ అయితే దాని చోట ఎస్ఎస్‌డీ అనే కొత్తరకం డిస్క్ వేయించడం కూడా నాకు ఇష్టమైన ఖర్చు. అందులో తిరిగే భాగం లేదు కాబట్టి చప్పుడే ఉండదు, వేగం కూడా మీకే తేడా తెలుస్తుంది. కొత్త ల్యాప్‌టాప్ డబ్బులో చిన్న వంతు. ఇది తొందర లేదు, దుమ్ము పని అయ్యాక చూసుకోవచ్చు.

విప్పకుండా ఇవాళే చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి. వీడియో కాల్‌లో మీ వెనక గోడ మసకగా కనిపించేలా పెట్టుకున్నారేమో చూడండి. ఆ బ్లర్ కోసం ప్రాసెసర్ కాల్ సాగినంతసేపూ మీ బొమ్మని గోడ నుంచి విడదీస్తూనే ఉండాలి. పాత మెషీన్‌కి అది చాలా బరువు. అది తీసేస్తే చాలాసార్లు హోరు అక్కడికక్కడే తగ్గుతుంది. మీ వెనక లేసు తెరలు కనిపిస్తే కొనేవాళ్ళకి ఇంకా నచ్చుతుంది కూడా. కాల్ సమయంలో బ్రౌజర్‌లో అక్కర్లేని ట్యాబ్‌లు మూసెయ్యండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో సీపీయూ (ప్రాసెసర్‌కే ఇంకో పేరు) అన్న గడి మీద నొక్కితే ఎక్కువ పని పెడుతున్నది పైకి వస్తుంది. మీ అబ్బాయి చదువుకునే రోజుల్లో ఎక్కించిన గేములు, రెండో యాంటీవైరస్ లాంటివి ఇంకా వెనక నడుస్తుంటే తీసేయించండి. విండోస్‌కి సొంత యాంటీవైరస్ ఉంది.

ఇంకొకటి, చాలామందికి తెలియనిది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్ళి, వాడుతున్న ప్లాన్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ తెరిస్తే ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్ అని ఉంటుంది. అందులో మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్ 100 ఉంటే 99 చెయ్యండి. ఒక్క శాతమే కదా అనిపిస్తుంది. కానీ ఇంటెల్ ప్రాసెసర్ అవసరమైనప్పుడు మామూలు వేగాన్ని మించి పరిగెత్తే టర్బో అనే గుణం దాంతో ఆగిపోతుంది. వేడి చాలా మటుకు పుట్టేది ఆ పరుగులోనే. ఎక్సెల్‌లో మీకు తేడా తెలియదు. ఏదైనా బరువైన పని పడిన రోజు మళ్ళీ 100 పెట్టుకోవచ్చు. ఈ గడి కనిపించని మెషీన్లు కొన్ని ఉంటాయి, అప్పుడు పవర్ మోడ్‌ని బ్యాటరీ ఆదా వైపు జరిపితే చాలు.

మీ మెషీన్‌లో బహుశా ఉన్నది విండోస్ 10. దానికి మైక్రోసాఫ్ట్ మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆపేసింది. మీ మెషీన్ వయసు ప్రాసెసర్లలో చాలావాటికి విండోస్ 11 మామూలుగా రాదు. అడ్డదారిలో ఎక్కిస్తామంటే ఒప్పుకోకండి. బ్యాంకు పనులు ఫోన్‌లో చేసుకుని దీన్ని లెక్కలకీ కాల్స్‌కీ ఉంచుకోండి.

పెట్టే చోటు గురించి. అల్లకం పని అరుగు మీదో, గదిలో నేల మీదో కూర్చుని చేస్తారు కాబట్టి ల్యాప్‌టాప్ కూడా చాప మీదే ఉంటుందనుకుంటాను. నేల దగ్గరే దుమ్మూ నూగూ ఎక్కువ, గాలి పీల్చే సందులేమో అడుగున ఉంటాయి. ఒక పీట మీద పెట్టి, వెనక రెండు మూలలా వేలెడు ఎత్తు చెక్కముక్కలు పెట్టండి. అడుగున గాలికి దారి దొరుకుతుంది. కూలింగ్ ప్యాడ్ చేసే మేలులో చాలా భాగం ఈ ఎత్తుదే. లోపల రేకులు మూసుకుపోయి ఉంటే బయట ఎన్ని ఫ్యాన్లు పెట్టినా ఆ గాలి లోపలికి పోదు, పైగా దుమ్ము ఇంకా ఎగదోస్తుంది. శుభ్రం చేశాక కూడా ఎండల్లో ఇబ్బందైతే అప్పుడు మీ చెల్లెలి మాట ఆలోచిద్దాం. పరుపు, దిండు, బొంత మీద మాత్రం ఎప్పుడూ పెట్టకండి.

దారం చుట్టే చోటికీ ల్యాప్‌టాప్‌కీ మధ్య దూరం ఉంచండి, వీలైతే వేరే గది. దోమల కాయిల్, అగరొత్తులు పక్కన వెలిగించకండి, ఆ పొగ జిడ్డు దుమ్ముని అంటించి పెడుతుంది. దోమలు భరించలేని ఊళ్ళు మనవి, కాయిల్ మానమని అనలేను, గదికి ఆ మూల పెట్టుకోండి చాలు. వాటర్ కూలర్ ఎదురుగా పెట్టుకోవడం కూడా మంచిది కాదు. మన గాలిలో ఉన్న తేమ చాలదన్నట్టు ఇంకా తేమ పంపినట్టవుతుంది. ఏసీ గదిలో ఆపేసి ఉంచిన ల్యాప్‌టాప్‌ని ఉక్కపోతలోకి తెస్తే చల్లటి లోహం మీద సన్నగా నీరు పడుతుంది. అరగంట ఆగి ఆన్ చెయ్యండి. పని అయ్యాక షట్‌డౌన్ చేసి పలచటి గుడ్డ కప్పండి. ఆన్‌లో ఉండగా కప్పకూడదు, స్లీప్‌లో పెట్టి బ్యాగులో కుక్కకూడదు.

ఎన్నాళ్ళకోసారి విప్పాలంటే, మీ ఇంట్లో నూలు పని ఉంది కాబట్టి ఏడాదికి రెండుసార్లు. దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక ఒకసారి, సంక్రాంతికి ఇల్లు దులిపినప్పుడు ఒకసారి. రెండుసార్లూ ఊళ్ళో మిషన్ కోతల దుమ్ము, ఊక లేచి తగ్గిన సమయమే. మొదటి పొర ఒకసారి పోయాక తర్వాత్తర్వాత పని చాలా తేలిక, పలచటి నూగు తప్ప ఏమీ ఉండదు. పేస్ట్ మూడు నాలుగేళ్ళకోసారి మారిస్తే చాలు. ఈ మధ్యలో హోరు పెరిగినట్టనిపిస్తే ముందు ఆ కాగితం మీద అంకెలు తీసి పోల్చుకోండి.

బ్యాటరీ ఉబ్బకపోయినా నీరసంగా ఉంటే, ఎప్పుడూ ప్లగ్గులోనే పెట్టి వాడుతుంటే, 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే సదుపాయం మీ కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ఉందేమో చూడండి. నిండుగా ఛార్జ్ అయి, వేడిలో ఉండటమే బ్యాటరీకి ఎక్కువ చేటు. కొత్తది వేయించాల్సి వస్తే పాతదాన్ని చెత్తలోనో కాలువలోనో పడేయకండి, పిల్లలు ఆడుకునే చోట వదలకండి. కొత్త బ్యాటరీ వేసిన షాపులోనే ఇచ్చేసి, పాత బ్యాటరీలు తీసుకునేవాళ్ళకి పంపమని చెప్పండి.